తగ్గిపోయింది కదా అని వదిలేయకండి

ఒరేయ్ పిల్లలూ, అమ్మాయిలూ,

ఇంటర్ రిజల్ట్స్ వస్తున్నాయంటే నాకు ఇప్పటికీ గుండె దడే. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టార్ని, డాక్టర్ని కాదు, కానీ ఒక మాట చెప్పాలి. మీలో కొందరికి డిప్రెషన్ వచ్చి తగ్గింది, ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి మళ్లీ రావచ్చు, అది మీ తప్పేం కాదు, జ్వరం తిరగబెట్టినట్టే.

మా క్లాసులో ఒకడు ట్రీట్‌మెంట్ అయ్యి తిరిగొచ్చాడు, నవ్వుతున్నాడు, జోకులేస్తున్నాడు, హమ్మయ్య అనుకున్నాం. కానీ రాత్రిళ్లు నిద్ర లేదు, మాత్రలు తనంతట తనే మానేశాడు, "నా వల్ల ఇంట్లో అందరికీ భారం" అంటున్నాడని పక్క బెంచీ వాడు చెప్పాడు. పక్కకి పిలిచి సూటిగా అడిగా, చచ్చిపోవాలనిపిస్తోందారా అని. ఏడ్చేశాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్లు భయపడతారు, అది నిజం కాదు, అడిగితే వాళ్లకి బరువు దిగుతుంది. ఆ సాయంత్రమే వాళ్ల నాన్నతో కలిసి డాక్టర్ దగ్గరికెళ్లాం.

లెక్కల మాస్టార్ని కదా, ఎవరు ప్రాణం తీసుకునే ప్రమాదంలో ఉన్నారో ఒక్కో గుర్తుకీ మార్కులేసి కూడితే తేలిపోతుందేమో అనిపించేది. తేలదు. అన్నిటికంటే బరువైంది మాత్రం ఇంతకుముందు ఒకసారి ఆత్మహత్యకి ప్రయత్నించి ఉండటం. ఇంట్లో ఎవరైనా అలా పోయి ఉండటం, తాగుడు అలవాటు, ఇక ఏదీ మారదనే నిరాశ, ఇవన్నీ తోడైతే ఇంకా జాగ్రత్త. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు చాలా సున్నితం, మనమేమో ఇంటికొచ్చేశాడుగా అని అప్పుడే వదిలేస్తాం! పాతికేళ్ల లోపు వాళ్లకి కొత్తగా డిప్రెషన్ మాత్రలు మొదలెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు కూడా కనిపెట్టుకుని ఉండాలి, విపరీతమైన చిరాకు, ఒకచోట కూర్చోలేకపోవడం కనిపిస్తే డాక్టర్‌కి చెప్పాలి, అంతేగానీ మానేయకూడదు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, అంత బాధలో ఉన్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతమైపోయినా ఒంటరిగా వదలొద్దు. ఫ్రెండ్ "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి, పెద్దవాళ్లకి చెప్పేయండి.

ఎవరైనా ఆత్మహత్యకి ప్రయత్నిస్తే పోలీసు కేసవుతుందని దాచే ఇళ్లున్నాయి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చూస్తుంది, శిక్షించమనదు.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్, నెంబర్ 14416, ఏ టైమ్‌లో చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఎవరైనా చూస్తారని సిగ్గయితే "లెక్కల మాస్టారు" అని పేరు పెట్టుకోండి, నేనేం అనుకోను.

మీ మాస్టారు