రాజీనామా వెనక్కి తీసుకున్నాక తిమ్మయ్యకి ఏం మిగిలింది?

ఎన్నికల గాలి తగిలితే చాలు, ఒకప్పటి సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య పేరు మళ్ళీ బయటికొస్తుంది. ఇప్పుడు మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అదే గొడవ. ప్రధాని నెహ్రూ, రక్షణమంత్రి కృష్ణ మీనన్ కలిసి ఆయన్ని అవమానించి సాగనంపారని ఒక వర్గం. అబ్బే, ఆయన ఎక్కడికీ పోలేదు, నాలుగేళ్ల పదవీకాలం పూర్తిచేసే దిగాడని ఇంకో వర్గం. రెండు వైపులా కొంత నిజముంది, అందుకే ఈ గొడవ తెగదు.

కొడగులో పుట్టడం, ఇక్కడి బిషప్ కాటన్ స్కూల్లో చదువు, శాండ్‌హర్స్ట్, బర్మాలో జపాన్ మీద బ్రిగేడ్‌ని నడిపించడం, కొరియాలో యుద్ధఖైదీల వ్యవహారం, ఇవన్నీ ఆ ఫార్వర్డుల్లోనే దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. (రిచ్మండ్ రోడ్డుకి కాగితాల మీద ఆయన పేరే ఉంది. రెసిడెన్సీ రోడ్డుకేమో కరియప్ప పేరు. ఆ పేర్లు ఆటో అతనికి చెప్పి చూడండి, ముఖం ఎలా పెడతాడో.)

ముందు 1948 సంగతి తేల్చేద్దాం. 2018 మే 3న కలబురగి సభలో ప్రధాని మోదీ 1948 యుద్ధ విజయాన్నీ, తిమ్మయ్య రాజీనామానీ ఒకే ఊపులో కలిపి చెప్పారు, అప్పటినుంచి తారీఖులన్నీ కలగాపులగం అయ్యాయి. 1948లో రక్షణమంత్రి బల్దేవ్ సింగ్. మీనన్ లండన్‌లో హైకమిషనర్. సైన్యాధిపతి ఇంకా ఇంగ్లీషువాడే, రాయ్ బుచర్. తిమ్మయ్య అప్పటికి కశ్మీర్‌లో డివిజన్ కమాండర్, అంతే. ఆ ఏడాది నవంబరు 1న పదకొండు వేల అడుగులు దాటిన జోజిలా కనుమలోకి ట్యాంకులు ఎక్కించాడు. టరెట్లు విప్పేసి, ఎవరికీ ఆనవాలు తెలీకుండా వాటిని జమ్మూ నుంచి తరలించారు. దాంతో లద్దాఖ్ దారి తెరుచుకుంది. అక్కడ అవమానమేమీ జరగలేదు. ఆయన సైన్యాధిపతి అయింది 1957 మేలో, మీనన్ రక్షణమంత్రి అయింది కూడా ఆ ఏడాదే.

అసలు కథ 1959 ఆగస్టు చివరి వారంలో ఉంది. 25న ఈశాన్య సరిహద్దులోని లోంగ్జు దగ్గర చైనా సైనికులు మన అస్సాం రైఫిల్స్ మీద కాల్పులు జరిపారు. 28న నెహ్రూ ఆ సంగతి లోక్‌సభలో చెప్పారు. సరిహద్దు అలా రగులుతున్న సమయంలోనే ఢిల్లీలో ప్రమోషన్ల పంచాయితీ ముదిరింది. బి.ఎం. కౌల్ అనే మేజర్ జనరల్‌ని మీనన్ లెఫ్టినెంట్ జనరల్‌ని చేసి సైనిక ప్రధాన కార్యాలయానికి తెచ్చుకున్నారు. తిమ్మయ్య సిఫార్సు వేరు, జరిగింది వేరు. కౌల్ తెలివైనవాడే, పని రాక్షసుడు, నెహ్రూకి దగ్గరివాడు కూడా. కానీ యుద్ధంలో దళాన్ని నడిపిన అనుభవం లేదు. ఆయనకి పేరు తెచ్చిన పెద్ద పని ఏమిటంటే అంబాలాలో తన డివిజన్ జవాన్ల చేత క్వార్టర్లు కట్టించడం. జవాన్లకి ఇళ్లు కావాలి, కాదనను. కానీ పైన ఎవర్ని కూర్చోబెట్టాలి అన్నప్పుడు కొలవాల్సింది ఇటుకలు కాదు కదా.

తిమ్మయ్య నేరుగా నెహ్రూ దగ్గరికెళ్లి గోడు చెప్పుకున్నారు. నెహ్రూ ఆ మాట మీనన్‌కి చేరవేశారు. మీనన్ తిమ్మయ్యని పిలిపించి, నన్ను దాటి వెళ్తావా అని గట్టిగా మందలించారు. ఆగస్టు 31న రాజీనామా పంపారు తిమ్మయ్య. ఈ మంత్రి కింద బాధ్యత నిర్వర్తించడం తన వల్ల కాదని దాని సారాంశం. నెహ్రూ ఆయన్ని పిలిచి బుజ్జగించి వెనక్కి తీయించారు. ఈలోగా విషయం పొక్కి, మర్నాడు స్టేట్స్‌మన్ పత్రికలో వచ్చేసింది.

ఆ మర్నాడే, సెప్టెంబరు 1న, ఢిల్లీ పాలం విమానాశ్రయంలో నెహ్రూని కలవడానికి దిగింది ఎవరో తెలుసా? అయూబ్ ఖాన్. ఏడాది కూడా కాలేదు ఆయన పాకిస్తాన్‌లో గద్దె ఎక్కి, అదీ సైనిక దుస్తుల్లో. ఒక జనరల్ పక్కదేశాన్ని మింగేసిన ఏడాదిలో మన జనరల్ మంత్రితో తగాదాపడి రాజీనామా ఇస్తే ఢిల్లీకి ఎంత టెన్షన్ పుట్టుంటుందో ఊహించుకోవచ్చు. తిమ్మయ్య మనసులో అలాంటి ఆలోచన లేశమైనా ఉందనడానికి ఆధారమేమీ లేదు. అయినా భయానికి ఆధారంతో పనేముంది.

నా లెక్కలో మలుపు సెప్టెంబరు 2. రాజీనామా అప్పటికే వెనక్కి తీసుకున్నారు, ఇక మాట్లాడే అవకాశం ఆయనకి లేదు, యూనిఫాంలో ఉన్నారు. నెహ్రూ లోక్‌సభలో లేచి, పౌర ప్రభుత్వానిదే పైచేయి అన్నారు. అది సరైన మాటే. అక్కడితో ఆగలేదు. ఇదంతా స్వభావాలు కలవక వచ్చిన చిన్న విషయమన్నట్టు తేల్చేసి, తిమ్మయ్య తొందరపడ్డారని సభ ముందు తప్పుపట్టారు. దేశం కోసం వెనక్కి తీసుకోమని అడిగి, తీసుకున్నాక పరువు తీశారన్నమాట. పిల్లికి ఎలుక సాక్ష్యం అనకండి, పార్లమెంటు రికార్డుల్లో ఉన్నదే చెబుతున్నా. ఆ తర్వాత ఇరవై నెలలు తిమ్మయ్య కుర్చీలో ఉన్నారు, మాట మాత్రం చెల్లలేదు.

చెల్లలేదని ఎలా తెలుసంటే, తూర్పు కమాండ్ అధిపతి థోరట్ 1960 మార్చిలో లక్నోలో పెద్ద విన్యాసం చేసి, చైనా నెఫాలోకి (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) ఎలా దిగొచ్చో, ఎక్కడ నిలబడి కాచుకోవాలో చూపించారు. మీనన్ పట్టించుకోలేదు. 1961లో వారసుడిగా ఆ థోరట్‌నే తిమ్మయ్య సిఫార్సు చేశారు, థాపర్‌ని పెట్టారు. కౌల్ జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యారు, అంటే సైన్యాధిపతి కింద యుద్ధ ప్రణాళికలు చూసే పదవి. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో ఉన్న మానెక్‌షా మీద విచారణ పెట్టారు, ఆయన కడిగిన ముత్యంలా బయటపడ్డారు, అది వేరే సంగతి. 1962 అక్టోబరులో నెఫాలో దళాల్ని నడపమని పంపింది కౌల్‌నే. చైనా దాడి మొదలవడానికి రెండు రోజుల ముందు ఆయన జబ్బుపడి ఢిల్లీ చేరుకున్నారు.

మీనన్ వైపు వాదన కూడా ఉంది. ఆయుధాలు ఇక్కడే తయారవ్వాలని పట్టుబట్టినవాడు ఆయన. హెచ్‌ఎఫ్-24 మారుత్ యుద్ధ విమానం 1961లో మన బెంగళూరులోనే ఎగిరింది, కోరుకొండ సైనిక్ స్కూలు వచ్చింది కూడా ఆ కాలంలోనే. మంత్రిని దాటి ప్రధాని దగ్గరికి వెళ్లడం పద్ధతి కాదన్న మాటలోనూ పస ఉంది. మీనన్ పదవి 1962లోనే ఊడింది, థాపర్ కూడా దిగిపోయారు, వచ్చింది జె.ఎన్. చౌదరి, హైదరాబాద్ పోలీసు చర్యలో మన పెద్దవాళ్లు చూసిన ఆ చౌదరే.

ఇక ఇప్పటి గొడవకి వస్తే, 1962లో చైనా చేతిలో ఓటమి మీద సైన్యం జరిపించిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదిక, 1963లోనే చేతికొచ్చింది. అందులో కొంత భాగం 2014లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది గానీ, మొత్తం ఇప్పటికీ సర్కారు బీరువాలోనే ఉంది. 2010లో అప్పటి రక్షణమంత్రి ఆంటోనీ ఇవ్వం అన్నారు. 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉండగా బయటపెట్టాలని రాసిన అరుణ్ జైట్లీయే, జులైకల్లా రక్షణమంత్రి హోదాలో దేశ ప్రయోజనాల దృష్ట్యా కుదరదని పార్లమెంటులో చెప్పారు.