వడదెబ్బ చావుకు లెక్క ఎప్పుడొచ్చింది?

ఎండకు మనిషి చప్పుడు లేకుండా పోతాడు. మిరప చేలోనో, బస్టాండు బల్ల మీదో ఒరిగిపోతాడు. ఒంటి మీద గాయం ఉండదు. గుండెపోటేమో అనుకుని ఇంటివాళ్లు సాయంత్రానికల్లా దహనం చేసేస్తారు. వడదెబ్బ మరణాలు కాగితాల మీద తక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

ఆ కాగితాల మీదున్న అంకెలే గుండె దడ పుట్టిస్తాయి. 1998లో ఒడిశాలో 2,042 మంది. 2002 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారం తిరక్కుండానే వెయ్యి మందికి పైగా. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369, తెలంగాణలో 541. వీళ్లలో ఎక్కువమంది నీడన కూర్చుంటే కూలి దొరకని వాళ్లు, వయసు మీదపడిన వాళ్లు.

కోస్తాలో ఉక్క ఇంకో శత్రువు. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగినప్పుడు, మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే వడగాలి అనే వాతావరణ శాఖ, తీరంలో 37కే ఆ మాట అంటుంది.

ఆలోచన మారింది అహ్మదాబాద్‌తో. 2010 మే నెలలో అక్కడ మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత తేలింది. 2013లో ఆ నగరం వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది: ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, తాగునీరు. చలివేంద్రం, అంబలి, మజ్జిగ మనకు తాతల నాటివే. కానీ ఎండ ముదిరే ముందే ఊరిని హెచ్చరించే ఏర్పాటు మనకు 2015 దెబ్బ తిన్నాకే వచ్చింది.

పిడుగుదీ ఇదే కథ. పగలంతా కాగిన నేల మీదికి బంగాళాఖాతం తేమ చేరితే సాయంత్రానికి ఈదురుగాలులు, ఉరుములు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయి. ‘అర్జునా, ఫల్గుణా’ అనుకుంటూనే జనం చింతచెట్టు కిందికి పరిగెడతారు. చెట్టు కిందే చావు ఎక్కువ. ఇప్పుడు విపత్తుల సంస్థ ముందే ఫోన్లకు మెసేజ్ పంపుతోంది. అది రాగానే గట్టి కప్పున్న ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో చేరాలి.

డబ్బు సంగతి చూస్తే బాధేస్తుంది. కేంద్రం విపత్తుల జాబితాలో చలిగాలులకు చోటిచ్చారు కానీ వడగాలికి, పిడుగుకు ఏళ్ల తరబడి ఇవ్వలేదు. ఆ జాబితాలో లేక, రాష్ట్రాలు సొంతంగా ప్రకటించే స్థానిక విపత్తుల కోసం అవి తమ విపత్తు నిధిలో పదో వంతు మాత్రమే వాడుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది.

ఆ సాయం అందాలంటే మరణానికి కారణం వడదెబ్బేనని అధికారులు ధ్రువీకరించాలి. ఎండలో పనిచేస్తూ ఎవరైనా చనిపోతే దహనానికి ముందే తహసీల్దారు ఆఫీసుకు, పోలీసులకు చెప్పండి, పోస్టుమార్టం అడగండి. చితి ఆరాక రుజువు చూపించడం ఆ ఇంటివాళ్ల తరం కాదు.