బరంపురంలో 'మాతృభాష' గడి: ఈ పేచీ 1931 నాటిది

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేసే సభలు కొంతకాలంగా జరుగుతున్నాయి. పొద్దున పాత ఇళ్ల మధ్య నడక, మధ్యాహ్నం పాత ఫోటోల ప్రదర్శన, సాయంత్రం ఏదో ఒక మండపంలో ముగ్గురు నలుగురు వృద్ధులతో ముచ్చట. ఇన్నాళ్లూ ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈసారి పేచీ ఒక కాగితం దగ్గర వచ్చింది. మాట్లాడినవారి చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రంలో 'మాతృభాష' అని ఒక గడి ఉంది. తెలుగు ఇళ్లలో పుట్టి, సభలో తెలుగే మాట్లాడిన కొందరి పత్రాల్లో ఆ గడిలో 'ఒడియా' అని పడింది. అప్పటి నుంచి రెండు పక్షాలూ వాట్సాప్ గుంపుల్లో వాదించుకుంటూనే ఉన్నాయి.

ఒకావిడ సంగతి చూడండి. ఎనభై దాటిన మనిషి. తాతగారు గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లిన వైనం చెప్పింది. డెక్కు మీద పరుచుకున్న చాప, వెంట తీసుకెళ్లిన ఎండుచేపల మూట, తిరిగొచ్చాక ఆయన కట్టించిన ఇల్లు, అన్నీ తెలుగులోనే చెప్పుకొచ్చింది. ఎదురుగా ప్రశ్నలడుగుతున్న కుర్రాడికి తెలుగు అంతగా రాదు. అది గమనించి మధ్యమధ్య ఒడియాలోకి మారి అతనికి విడమరిచి చెప్పింది. పత్రం నింపింది ఆ కుర్రాడే. 'ఆవిడ నాతో ఒడియాలోనే మాట్లాడారు కదా' అన్నది అతని సమాధానం. ఎదుటివాడికి అర్థం కావాలని మర్యాదకు మాట్లాడిన నాలుగు మాటలతో ఆవిడ పుట్టుకనే మార్చేస్తారా అని ఇంటివాళ్లు అడుగుతున్నారు. చిన్న గడికి ఇంత రాద్ధాంతం ఎందుకని బయటివారికి అనిపించవచ్చు. బరంపురం ఉన్న గంజాం జిల్లా తెలుగువారికి మాత్రం ఆ గడి కొత్తది కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన కథ, దానికోసం పోరాడిన మధుసూదన్ దాస్, ఆయన ఉత్కళ సమ్మిళని, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. ఇప్పటి తగువుకు మూలం అంతకు ఐదేళ్ల ముందుంది. అప్పటికి గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1931 ఫిబ్రవరి 26న జనాభా లెక్కలు జరిగాయి. భాష వివరాలు అంతకుముందు లెక్కల్లోనూ అడిగారు. కానీ ఈసారి ఆ అంకెల మీదే సరిహద్దు గీస్తారని ఊరూరా తెలిసిపోయింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న మామూలు ప్రశ్నకు చెప్పే జవాబు సాక్ష్యమైంది. లెక్కలు రాసేవారు ఒడియా వాళ్లను తెలుగువాళ్లుగా రాస్తున్నారని ఒడియా నాయకులు ఫిర్యాదు చేశారు. ఆంధ్ర పక్షం ఎదురు ఫిర్యాదులు చేసింది. గంజాం లెక్కలు నమ్మదగినవా కావా అన్నదే పెద్ద వివాదమైంది.

ఆ ఏటి పత్రంలో రెండో గడి కూడా ఉండేది. మాతృభాష కాక, మామూలుగా వాడే ఇతర భాష ఏదో అందులో రాయాలి. బజారులో ఒకటి, వంటింట్లో ఒకటి మాట్లాడే బరంపురం లాంటి ఊరికి సరిగ్గా కావలసిన గడి అదే. గీత గీసేవారికి దానితో పని పడలేదు. ఇరుపక్షాలూ కొట్టుకున్నది మొదటి గడి మీదే.

ఆ సెప్టెంబరులోనే ఓడానెల్ అధ్యక్షతన సరిహద్దు సంఘం వేశారు. మెహతా, ఫుకన్ సభ్యులు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి, సచ్చిదానంద సిన్హా, ఆంధ్రుల తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు అనుబంధ సభ్యులు. సంఘం ముందుకు వెళ్లినవి ఎక్కువగా జమీందారులు, వకీళ్లు, సంఘాల పెద్దలు రాయించిన మహజర్లు (విన్నపాలు). మగ్గం మీద కూర్చున్నవాడు, ఓడెక్కిన కూలీ ఏమనుకున్నారో అందులో వెతకడం దండగ. 1932లో నివేదిక వచ్చింది. చివరికి గీత పడేసరికి బరంపురం అటు ఒరిస్సాలోకి, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం ఇటు మద్రాసులోకి. పర్లాకిమిడి కథ మరీ విడ్డూరం. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన శ్వేతపత్రంలో అది ఒరిస్సా బయట ఉంది. 1934లో పార్లమెంటు సంయుక్త సంఘం నివేదిక వచ్చేసరికి ఎస్టేటులో ఒక భాగం, పట్టణంతో సహా, లోపలికి వెళ్లింది. ఆ రాజాయే 1937లో ఒరిస్సాకు తొలి ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యారు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం కూడా ఈ గీతను కదపలేదు.

పర్లాకిమిడిలోనే అంతకు చాలా ముందు గిడుగు రామమూర్తి అక్కడి కొండల్లోని సవర గిరిజనులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల పాటలూ కథలూ వాళ్లు పలికినట్టే రాసుకున్నారు. ఈ ప్రాంతంలో మౌఖిక చరిత్ర అనే పని ఎవరైనా మొదలుపెట్టారంటే ఆయనే. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. 1936లో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. సభల నిర్వాహకులు గిడుగు పేరు తలుచుకుంటారు గానీ ఈ చివరి ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఏజెన్సీ జనాన్ని ఎవరి పద్దులో వేయాలని తెలుగు, ఒడియా పెద్దలు పోట్లాడుకున్నారు తప్ప, మీరెటు ఉంటారని సవరలను అడిగిన దాఖలా లేదు. సవర భాషకు మంగేయి గొమాంగో సొంత లిపి తయారు చేసింది కూడా ఆ 1936లోనే.

ఒడియా పక్షం వాదనలో పస లేదనలేం. మద్రాసు పాలనలో కచేరీల్లో, బడుల్లో తమ భాషను వెనక్కి నెట్టారన్న బాధ వారికి తరాలుగా ఉంది. సభలకు వచ్చే యువతకు ఒడియానే చదవడం వచ్చని, గడిలో పడినది తొందరపాటే తప్ప కుట్ర కాదని నిర్వాహకులు అంటున్నారు.

కుట్ర అని తెలుగు పెద్దలు కూడా అనడం లేదు. వాళ్ల భయం వేరు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉన్నా, ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియా, ఇంగ్లీషు బడుల్లోనే పెరిగారు. మాట మిగిలింది, రాత పోయింది. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ యాత్రనే తీసుకోండి. దాన్ని నిలబెట్టింది తెలుగు నేత కుటుంబాలు. అమ్మవారు పుట్టింటికని వచ్చి కొలువుండేది కులపెద్ద దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరంలో. ఇవాళ అది ఊరందరి పండుగ, అందుకు ఎవరికీ బాధ లేదు. కానీ ఆ కుటుంబాల మాటలు తెలుగులో ఎక్కడా అచ్చులో లేవు. రేపు ఎవరైనా పరిశోధకుడు ఈ రికార్డులను భాష ప్రకారం వెతికితే, బరంపురంలో తెలుగులో జ్ఞాపకాలు చెప్పినవారే లేరని తేలుతుంది. తెలుగులో మాట్లాడిన గొంతు లోపల ఉంటుంది, పైన చీటీ మాత్రం వేరే చెబుతుంది. 1931లో అంకెలు తప్పని అనుమానం వచ్చినా, తిరిగి వినడానికి ఎవరి గొంతూ మిగలలేదు. ఈసారి గొంతు ఉంది కాబట్టే ఇప్పుడే దిద్దమంటున్నారు.

వారి కోరికలు మూడు. గడిని మాట్లాడినవారే నింపాలి, రెండు భాషలైతే రెండూ రాయాలి. తెలుగులో చెప్పినదాన్ని తెలుగు లిపిలోనే ఎత్తి రాయాలి. రికార్డు ప్రతి ఒకటి ఇంటివాళ్లకు ఇవ్వాలి. మూడోదానికి నిర్వాహకులు వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి తెలుగు రాయగలిగినవారు దొరకాలి కదా అంటున్నారు, అదీ నిజమే. మొదటిదాని మీద, వచ్చే సభకల్లా పత్రం మారుస్తామని నోటిమాటగా చెప్పారు. రాసి ఇమ్మని పెద్దలు పట్టుబట్టి కూర్చున్నారు.