జేబులో కత్తి: క్లాసులో నేను రోజూ వినే అపోహలు

కొత్తగా చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మాస్టర్, ఏ కత్తి కొనమంటారు?" పదేళ్లకు పైగా ఆత్మరక్షణ నేర్పుతున్నాను, కత్తి అందులో ఒక భాగం. ఈ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పను. అడిగినవాళ్లకి కొంచెం చిరాకే. ఎందుకు చెప్పనో కింద రాస్తున్నాను.

అపోహ: కత్తి ఒంటి మీద ఉంటే చాలు, అవసరమైనప్పుడు తీయొచ్చు.

ఒంటి మీద ఉండటం వేరు, చేతిలోకి రావడం వేరు. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ ఒక లెక్క చెప్పాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి మీద పడటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. నడుముకి బయటే వేలాడే తుపాకీని తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకే దాదాపు అంత సమయం పడుతుంది. మన కత్తేమో చొక్కా కింద ఉంటుంది. పైగా దాడి చేసేవాడు 21 అడుగుల అవతల నిలబడి వస్తున్నానని చెప్పడు. టైమ్ ఎంతయిందనో, అడ్రస్ ఎక్కడనో అడుగుతూ చేయి చాస్తే అందేంత దగ్గరికి వచ్చేస్తాడు.

క్లాసులో రబ్బరు కత్తిని చొక్కా కింద నడుముకి దోపుకోమంటాను. ఎదుటి మనిషికి గ్లవ్స్ తొడిగి, ఎప్పుడు తోస్తే అప్పుడు మీద పడమంటాను. మొదటిసారి ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. కుడి చేయి నేరుగా నడుముకి పోతుంది. గుప్పిట్లోకి చొక్కా అంచు వస్తుంది, కత్తి రాదు. ఈలోగా ముఖం మీద మూడు నాలుగు గుద్దులు పడిపోతాయి. ఎడమ చేయి సంగతి మనిషికి గుర్తే ఉండదు, పక్కన ఊరికే వేలాడుతుంటుంది. ఒకతను మాత్రం కత్తి బయటికి లాగాడు. దాంతోపాటు ఒర కూడా ఊడి వచ్చేసింది. ఒర తొడిగిన కత్తిని ముందుకు చాపి వీరుడిలా నిలబడ్డాడు. అందరం నవ్వాం, కాసేపటికి అతనూ నవ్వాడు.

అందుకే మొదటి నెలంతా ఖాళీ చేతులే. తల కాచుకోవడం, తోసెయ్యడం, పక్కకి తప్పుకోవడం, గట్టిగా అరవడం. రెండో చేయి ఎదుటివాణ్ని నిలువరిస్తేనే మొదటి చేతికి కత్తి తీసే వ్యవధి దొరుకుతుంది. అంత వ్యవధి దొరికిందంటే, చాలాసార్లు పరుగు తీయడానికీ దొరికినట్టే.

అపోహ: మడత కత్తి అయితే అన్నిటికీ సరిపోతుంది.

కూరగాయలు తరగడానికి, పార్సిల్ విప్పడానికి మడత కత్తి బంగారం. ఆత్మరక్షణకి వచ్చేసరికి దాని మడతే దానికి చిక్కు. తీయాలి, తెరవాలి, లాక్ పడిందో లేదో తెలుసుకోవాలి. గుండె దడదడలాడుతుంటే వేళ్ల నేర్పు ముందు పోతుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని బొటనవేలితో టక్కున తెరిచేవాళ్లు, డ్రిల్‌లో సగం తెరిచిన కత్తితో దొరికిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. జేబులోంచి లాగేటప్పుడే అంచుకి తగిలి తెరుచుకునేలా వెనక కొక్కెం ఉన్న రకాలూ ఉన్నాయి. ఎర్నెస్ట్ ఎమర్సన్ తెచ్చిన 'వేవ్' అలాంటిదే. ఉపాయం బాగుంది, కానీ లాగే కోణం తప్పితే అదీ తెరుచుకోదు.

లాక్ గురించి నాకు నా వేలే పాఠం చెప్పింది. చాలా మడత కత్తుల్లో పిడి లోపలి పలుచటి రేకు పక్కకి జరిగి అలుగుని వెనక నుంచి ఆపుతుంది. దాన్నే లైనర్ లాక్ అంటారు. జేబులో పేరుకున్న నూలు పీచు ఆ సందులో చేరితే రేకు పూర్తిగా కూర్చోదు. నేను శుభ్రం చేయకుండా నెలల తరబడి జేబులో తిప్పిన కత్తి, ఓ రోజు గట్టి ప్లాస్టిక్ పెట్టె మీద మొన ఆనించగానే ముడుచుకుపోయింది. చూపుడువేలి మీద నాలుగు కుట్లు పడ్డాయి. తప్పు కత్తిది కాదు, నాదే. తెరిచాక అలుగు వీపు మీద తట్టి లాక్ చూసుకోవడం, వారానికోసారి సందులు దులపడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

చట్టం ఒప్పుకునే చోట అయితే ఒరలో ఉండే చిన్న ఫిక్స్‌డ్ కత్తినే, అంటే మడత లేని కత్తినే, నేను మేలంటాను. తెరిచే పనీ లేదు, ముడుచుకుంటుందన్న భయమూ లేదు.

అపోహ: కత్తి ఎంత పెద్దదైతే అంత భద్రం.

పెద్ద కత్తిని రోజూ ఎవరూ వెంట ఉంచుకోరు. మొదటి వారం నడుముకి, రెండో వారం బ్యాగులోకి, మూడో వారం ఇంట్లో సొరుగులోకి.

అపోహ: ఖరీదైన స్టీల్ ఉంటే కత్తి మంచిదైనట్టే.

స్టీల్ రకాల్లో డీ2 మంచిదా, ఎస్30వీ మంచిదా అని గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు. సరదాగా బాగానే ఉంటుంది. స్టీల్ గట్టిదైతే పదును ఎక్కువకాలం నిలుస్తుంది, అదే సమయంలో పెళుసుదనమూ పెరుగుతుంది. జేబు కత్తులు చాలావరకు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 60 చుట్టూ ఉంటాయి, అది చాలు. నేను చూసేది పిడి. కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. అదే ఆకారంలో ఉన్న, పదును లేని సాధన కత్తి (ట్రైనర్) తీసుకుని, చేతికి సబ్బునీళ్లు పట్టించి, దాని మొనని గట్టి అట్టపెట్టెకి ఆనించి బలంగా నొక్కండి. నున్నటి పిడి అయితే చేయి సర్రున జారి అలుగు మీదికి వెళ్లిపోతుంది. అక్కడున్నది అసలు పదును అయితే ముందు తెగేది మీ వేళ్లే. చెమట, వాన, రక్తం అన్నీ సబ్బునీళ్లలాంటివే. పిడికీ అలుగుకీ మధ్య వేలు ఆగే గార్డో, గుంటో లేని కత్తి ఎంత అందంగా ఉన్నా నేను పక్కన పెట్టేస్తాను.

అపోహ: ఎంత బాగా దాస్తే అంత మంచిది.

చీలమండ దగ్గర కట్టుకుంటే బాగా దాగుతుంది, నిజమే. దాన్ని అందుకోవాలంటే ఎదుటివాడి ముందు తల వంచి కూర్చోవాలి. మెడలో వేలాడదీసుకుంటే తీయడం తేలిక, కానీ ఆ తాడే పట్టుకుని ఎదుటివాడు లాగొచ్చు. అందుకే లాగితే తెగిపోయే తాడు వాడాలి. ఎక్కడ పెట్టుకున్నా మూడు రకాలుగా ప్రయత్నించి చూడమంటాను: ఎడమ చేత్తో, కారులో సీటు బెల్టు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని. మూడింట్లోనూ అందితే అది సరైన చోటు. ఒర గట్టి ప్లాస్టిక్‌దై, తలకిందులుగా పట్టుకుని కుదిపినా కత్తి జారిపోకూడదు. బీరువా అద్దం ముందు నిలబడి చేసే పరీక్షలకి విలువ లేదు.

అపోహ: చూపిస్తే చాలు, పారిపోతాడు.

పారిపోతే మంచిదే. పోకపోతే? దాచుకున్నదాని లాభం చేతులారా పోగొట్టుకున్నారు, మాటల గొడవని కత్తి గొడవ చేశారు. చూసినవాళ్లకి కత్తి తీసింది మీరే. బెదిరించినందుకే చాలా దేశాల్లో కేసు అవుతుంది.

అపోహ: ఒక్క పోటు పడితే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

ఇది సినిమా ఇచ్చిన నమ్మకం. పొడిపించుకున్నవాళ్లు చాలామంది ముందు గుద్దు తగిలిందనే అనుకున్నామని చెబుతారు. తడి తగిలి చూసుకున్నాకే సంగతి తెలుస్తుంది. గాయపడినవాడు వెంటనే ఆగిపోతాడన్న భరోసా లేదు. ఆ ఆగని క్షణాల్లో అతను మీ మీదే ఉంటాడు.

దీన్ని మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. ఇద్దరికీ తెల్ల బనియన్లు వేసి, చేతికి ఎర్ర మార్కర్లు ఇచ్చి అర నిమిషం వదులుతాను. ఎవరు గెలిచారని అడిగితే ఇద్దరూ "నేనే" అంటారు. తర్వాత బనియన్లు చూసుకుంటారు. గెలిచానన్నవాడి ముంజేతుల మీద, మెడ పక్కన, కడుపు మీద గీతలే గీతలు. ఓసారి ఒకావిడ తన బనియన్ వైపు చాలాసేపు చూసి, "మాస్టర్, ఇది ఇంటికి తీసుకెళ్లొచ్చా? మా అబ్బాయికి చూపించాలి" అంది. కత్తి తీయాల్సి వస్తే అది పట్టు విడిపించుకుని బయటపడటానికే. అందుకే డ్రిల్ ముగిసేది ఎదుటివాణ్ని ఓడించాక కాదు, తలుపు దాకా చేరాక. రక్తం కారే చోట గట్టిగా అదిమి పట్టడం, టూర్నికే (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) బిగించడం కూడా అదే క్లాసులో నేర్పుతాను. ముందు విసుక్కుంటారు, తర్వాత వాళ్లే మళ్లీ మళ్లీ చేయించమంటారు.

అపోహ: ఆత్మరక్షణకే కదా, చట్టం ఏమీ అనదు.

అంటుంది, ఒక్కోచోట ఒక్కోలా. బ్రిటన్ సంగతే చూడండి. 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాల లోపు అలుగుతో, లాక్ పడని మడత కత్తికే కారణం చూపకుండా వెంట ఉంచుకునే వీలుంది. మిగతావాటికి తగిన కారణం చూపాలి, ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నానంటే అది మామూలుగా కారణం కింద చెల్లదు. అంటే వేలు తెగకుండా కాపాడే లాక్ ఉన్న కత్తే అక్కడ చిక్కు తెస్తుంది. మరికొన్ని చోట్ల బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి మీద నిషేధం, ఇంకొన్ని చోట్ల పైకి కనిపిస్తే ఒప్పు, దాస్తే తప్పు. మీరుండే చోటి నియమం లాయరుని అడిగి తెలుసుకోండి. అమ్మేవాణ్ని అడక్కండి.

అపోహ: అసలు కత్తితో సాధన చేస్తేనే భయం పోతుంది.

భయం పోదు, వేళ్లు పోతాయి. రబ్బరు కత్తితో మొదలుపెట్టి, తర్వాత మొండి అల్యూమినియం ట్రైనర్‌కి వెళ్లాలి. రెండింటికీ కళ్లని కాపాడే అద్దాలు తప్పనిసరి, ఎందుకంటే రబ్బరు మొన కూడా కంటిని పాడుచేస్తుంది. ట్రైనర్ దూరం నుంచే తెలిసేలా ఎర్రగానో, నీలంగానో ఉండాలి. అసలు కత్తి రంగులో ఉండే ట్రైనర్‌ని నేను లోపలికి రానివ్వను.

క్లాసు మొదలయ్యే ముందు అందరి జేబులూ బల్ల మీద ఖాళీ చేయించి, ఒకరి ఒళ్లు ఇంకొకరు తడిమి చూడమంటాను. తాళాలు, ఫోన్లు, గోళ్ల కటర్లు, ఒకోసారి స్క్రూడ్రైవరూ బయటపడతాయి. ఆ నియమం పెట్టిన తొలి నాళ్లలో అందరివీ చూసేశాక, అప్పటికి చేరి రెండు వారాలైన ఓ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "మాస్టర్, మీవి ఎవరూ చూడలేదు" అన్నాడు. నవ్వుతూ చేతులు పైకెత్తాను. నా కుడి జేబులోంచి అతను పదునైన మడత కత్తి తీసి బల్ల మీద పెట్టాడు.