రామానుజన్ పట్టికలోంచి జారిపోయిన సంఖ్య

చెన్నై పారిస్ కార్నర్ వెనకాల గాజుల దుకాణాల్లో తెలుగులోనే బేరమాడొచ్చు. అక్కడ లెక్కంతా డజన్లే. డజను గాజుల్ని ఇద్దరికైనా, ముగ్గురికైనా, నలుగురికైనా, ఆరుగురికైనా మిగలకుండా పంచొచ్చు. అదే పది గాజులైతే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో గొడవే. 12కి ఆరు కారణాంకాలున్నాయి, అంటే దాన్ని మిగలకుండా భాగించే సంఖ్యలు: 1, 2, 3, 4, 6, 12. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు.

ఆ దుకాణాలకు దగ్గర్లోనే ఉన్న పోర్ట్ ట్రస్టులో 1912లో నెలకు 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజన్, 1914లో ఇంగ్లండ్ వెళ్లాక సరిగ్గా ఇలాంటి సంఖ్యల మీదే పని చేశారు. తనకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలన్నమాట: 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120... 1915లో అచ్చయిన ఆ వ్యాసానికే మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ ఆయనకు డిగ్రీ ఇచ్చింది. అందులోని పట్టికలో చివరిది 6746328388800. అంటే 6,74,632 కోట్ల చిల్లర. బడ్జెట్ రోజున పేపర్లో కనిపించే అంకెలా లేదూ!

దీన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2⁶×3⁴×5²×7²×11×13×17×19×23. కారణాంకాల్ని లెక్కపెట్టడం తేలికే. 2ని అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి నుంచి ఆరుసార్ల దాకా తీసుకోవచ్చు. మొత్తం ఏడు దారులు. 3కి ఐదు, 5కీ 7కీ మూడేసి, మిగతా అయిదింటికి రెండేసి. అన్నీ గుణిస్తే 10,080.

చివర్న 23 ఎందుకు? ఒక్క 23తో గుణిస్తే కారణాంకాలు రెట్టింపవుతాయి. 2లతోనే రెట్టింపు చేయాలంటే ఏడు దారుల్ని పద్నాలుగు చేయాలి, ఇంకో ఏడు 2లు కావాలి, సంఖ్య 128 రెట్లు పెరిగిపోతుంది. 23 బదులు 29 పెడితే కారణాంకాలు అన్నే, సంఖ్య మాత్రం పెద్దది. పక్కా బేరగాడి లెక్క ఇది!

ఇంత పట్టికలోనూ ఒక సంఖ్య జారిపోయింది: 293318625600. కాలిక్యులేటర్ లేని రోజుల్లో చేత్తో కట్టిన పట్టికలో ఒక్కటి తప్పిపోవడం నాకు పెద్ద వింతనిపించదు. వింతంతా ఆ సంఖ్యలోనే ఉంది. పైన చెప్పిన చివరి సంఖ్యను 23తో భాగించి చూడండి, సరిగ్గా ఇదే వస్తుంది.

కాబట్టి దీని కారణాంకాలు అందులో సగం, 5040. ఈ 5040 కూడా అదే జాతిది. దాని కారణాంకాలు 60. అరవైకి 12, పన్నెండుకి 6, ఆరుకి 4. ఇవన్నీ పట్టికలోవే. నాలుగుకి మాత్రం 3. రెండుకున్నట్టే మూడుకీ కారణాంకాలు రెండే కాబట్టి, వరస అక్కడ తెగుతుంది.