గాలి తగ్గిందా, కూలింగ్ తగ్గిందా?

అమలాపురంలో బయల్దేరినప్పుడు కారు ఏసీ వణికించేస్తుంది. రావులపాలెం వచ్చేసరికి కూలింగ్ ఉండదు. టిఫిన్‌కి ఆపి మళ్లీ ఎక్కితే మామూలే. "గ్యాస్ అయిపోయుంటుంది, కొట్టించెయ్యండి" అంటారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, లీకైతేనే తగ్గుతుంది. తగ్గిన గ్యాస్ టిఫిన్ తినేలోపు తిరిగి రాదు కదా!

కూలింగ్ పోయినప్పుడు వెంట్ దగ్గర చెయ్యి పెట్టండి. బ్లోయర్ మోత అలాగే ఉండి గాలి సన్నబడిందంటే, డాష్‌బోర్డు వెనక గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద ఐసు కట్టి ఉండొచ్చు.

మన డెల్టా గాలిలో ఉన్నదంతా నీరే. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న కిలో గాలిలో సుమారు 21 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 8 డిగ్రీలకు దించితే, మజ్జిగ గ్లాసుకి చెమట పట్టినట్టు, దాదాపు 15 గ్రాములు నీరైపోతుంది. గాలిని చల్లార్చడానికి లాగాల్సిన వేడి 27 కిలోజౌళ్లయితే, ఆవిరిని నీరు చెయ్యడానికి మరో 36. ఈ రెండో వేడినే గుప్తోష్ణం అంటారు. బడిలో దాన్ని నిర్వచనంగా బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ, మన ఏసీ చాకిరీలో సగానికి పైగా దానికే పోతోంది. బయటి గాలి మూసి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ పెట్టమనేది అందుకే.

ఎవాపరేటర్ రెక్కలు సున్నా డిగ్రీలకు దిగకముందే థర్మిస్టర్ అనే చిన్న సెన్సర్ పసిగట్టి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఆపాలి. అది చెడినా, చోటు తప్పినా, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడినా, గ్యాస్ కాస్త లీకైనా ఆ నీరు కిందికి కారకుండా అక్కడే గడ్డకడుతుంది. చాలా కారు ఏసీల్లో ఉండే ఆర్‌134ఏ గ్యాస్ సున్నా డిగ్రీల్లో మరిగేది గేజ్ మీద 28 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర. తక్కువ ఒత్తిడి వైపు పెట్టే లో సైడ్ గేజ్ అంతకన్నా కిందే నిలబడిపోతే ఐసునే అనుమానించాలి. ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ ఫుల్‌లో పావుగంట ఉంచండి. కారు కింద నీళ్లు ధారకట్టి, గాలి మళ్లీ జోరందుకుంటే ఐసే. ముందు ఫిల్టర్ చూసి, తర్వాత థర్మిస్టర్‌ను ఐసు నీళ్లలో ముంచి మల్టీమీటర్ పెట్టండి. చల్లబడేకొద్దీ నిరోధం పెరగాలి.

గాలి ఫుల్లుగా వస్తూ వెచ్చబడితే సంగతి వేరు. రైలు గేటు దగ్గర ఆగితే వెచ్చన, కదిలితే చల్లన అయితే, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. మాసూళ్ల రోజుల్లో కండెన్సర్ రెక్కల్లో ఊక కూడా ఇరుక్కుంటుంది. ఇంజిన్ కాగాక, కంప్రెసర్‌ను ఇంజిన్‌కి కలిపే అయస్కాంతపు క్లచ్ వదిలేస్తుంటే కాయిల్ వేడికి అయస్కాంతం బలం తగ్గి, అరిగి పెరిగిన గ్యాప్‌ను లాగలేకపోతోందన్నమాట. చాలా బళ్లలో ఆ గ్యాప్ 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ఒక షిమ్ (పల్చటి వాషర్) తీస్తే చాలు.

ఈమధ్యే గ్యాస్ కొట్టించిన బండికి గాలి తగ్గకుండా కూలింగ్ పోయి, లో సైడ్ ముల్లు వాక్యూమ్‌లోకి దిగితే, తేమ లోపలే చిక్కి, గ్యాస్ సన్నగా దూరే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకడుతోంది. బంపర్‌కి నిమ్మకాయలు కడితే పోయేది కాదది. తేమ పీల్చే డ్రయర్ మార్చి, కనీసం అరగంట పంపుతో వాక్యూమ్ పట్టి లోపలి గాలి, తేమ లాగేసి, బానెట్ స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే తూచి ఎక్కించాలి.