గోడ బీటలో ఈగ

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో మా మేనత్త పడుకునే గదికీ, గొడ్ల కొట్టానికీ మధ్య ఉన్నది ఒకటే మట్టిగోడ. జూన్ చివర్లో ఒక రాత్రి ఆ గోడ బీట మీద టార్చి కొట్టి చూస్తున్నాను. "గోడల ఏం దేవులాడుతున్నవ్‌రా?" అంది అత్త. బియ్యపు నూకంత పురుగు ఒకటి కనబడింది. ఒళ్లంతా సన్నని నూగు. దోమలాగా రెక్కలు వీపు మీదికి వాల్చుకోలేదు, పైకెత్తి పెట్టుకుంది. వేలు దగ్గరికి తీసుకెళ్తే ఎగరలేదు, రవ్వంత పక్కకి గెంతింది. శాండ్‌ఫ్లై ఇదే. పత్రికల్లో ఇసుక ఈగ అంటారు గానీ అది ఉండేది ఇలాంటి బీటల్లోనే.

రెండు మూడు మిల్లీమీటర్ల ఈ ప్రాణి మోసే వైరస్‌కి చండీపురా అని పేరు. పాపం, అది నాగపూర్ దగ్గరి ఒక ఊరి పేరు. 1965లో అక్కడ జ్వరమొచ్చిన ఇద్దరి రక్తంలో పుణె శాస్త్రవేత్తలకి ఇది దొరికింది. ఆకారం తుపాకీ గుండు లాంటిది, పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్‌కి దాయాది. అయినా చాలా ఏళ్లు దీన్ని లెక్కచేసినవాళ్లు తక్కువ.

2003 వానాకాలంలో లెక్క మారింది. జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రి పాలయ్యారు, 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ వైపు ఊళ్లూ అందులో ఉన్నాయి. మాకు ఎదురుగా కనబడే కాళేశ్వరం ఒడ్డు అప్పట్లో కరీంనగర్ జిల్లాయే. మధ్యలో నది, అంతే. పొద్దున ఆడుకున్న పిల్లకి సాయంత్రానికి ఒళ్లు కాలిపోయే జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ తర్వాత స్పృహ ఉండదు. ఆసుపత్రికి చేరాక ఒక్క రోజు కూడా నిలవని పిల్లలు ఎందరో. 2024లో గుజరాత్‌లోనూ ఇదే వరస. ఇప్పటికీ టీకా లేదు, వైరస్‌ని చంపే మందూ లేదు. జ్వరం దించడం, ఫిట్స్ ఆపడం, మెదడు వాపు తగ్గించడం, డాక్టర్ల చేతిలో ఉన్నది ఇంతే. అందుకే ఫిట్స్ వచ్చిన పిల్లని తెల్లారేదాకా ఇంట్లో ఉంచుకోకూడదు.

మెదడువాపు అనగానే మనకి దోమే గుర్తొస్తుంది. జపనీస్ మెదడువాపు విషయంలో అది నిజమే: వరిమడి నీళ్లలో పెరిగే దోమ పందుల నుంచి, కొంగల నుంచి దాన్ని తెస్తుంది. ఈ ఈగకి మాత్రం నిలవనీళ్లతో పనిలేదు. తేమ, చీకటి, కుళ్లిన పేడ, చెత్త ఉన్న మట్టి చాలు, అక్కడే గుడ్లు పెడుతుంది. పైగా తల్లి ఈగ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకీ వైరస్ దిగుతుందని ప్రయోగశాలల్లో తేలింది.

మా దగ్గర పొగ మిషన్ వచ్చినా మురుగుకాలువ చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. బీటలో దాక్కున్న ఈగకి ఆ పొగ ఏపాటి? మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా ఇది దూరగలదు. కుట్టే ముందూ కుట్టాకా గోడ మీదే గెంతుతూ తిరుగుతుంది కాబట్టి, ఇంట్లో గోడలకి మందు కొట్టడమే నా దృష్టిలో అసలు పని.

మర్నాడు అత్త ఊకమట్టి పిసికి ఆ బీట పూడ్చింది, పైన సున్నం కొట్టింది. ఈ ఎండాకాలానికి మళ్లీ పగిలింది, జానెడు పక్కన.